గ్యాస్ కంపెనీ నుంచి వచ్చాం

ఉదయం పదకొండు దాటింది. ఆఫీసులకు పోయేవాళ్లు పోయారు, స్కూలు బస్సులు ఎప్పుడో కదిలాయి, కింద వాచ్‌మన్ కార్లు తుడుస్తున్నాడు. వనస్థలిపురంలో మూడో అంతస్తు ఫ్లాట్. మీ ఫ్లాటే అనుకోండి. ఒక బర్నర్ మీద పప్పు కుక్కరు, రెండో దాని మీద సన్న సెగకు వంకాయ కూర మగ్గుతోంది. కుక్కరు రెండో కూత కోసం చెవి అటు వేసి ఉంచితే, దానికన్నా ముందు కాలింగ్ బెల్ మోగింది.

తలుపు తీశారు. ఇద్దరున్నారు. ముందున్నతనికి ముప్పై దాటి ఉండవు. నీలం చొక్కా టక్ చేసుకున్నాడు, మెడలో ఐడీ కార్డు. వెనక మీసాలు ఇంకా సరిగ్గా రాని కుర్రాడు, భుజాన నల్ల బ్యాగు. జిప్పు సగం తెరిచి ఉంది, అందులోంచి నారింజ రంగు గ్యాస్ పైపు చుట్ట కనబడుతోంది.

"నమస్తే అమ్మా. గ్యాస్ కంపెనీ నుంచి వచ్చినం. మీ అపార్ట్‌మెంట్ల అందరియి చెకింగ్ చేస్తున్నం. కింద రెండొందల ఒకటి వాళ్లది అయిపోయింది."

ఏ కంపెనీయో అతను చెప్పలేదు, గమనించారా? సిలిండర్ మీదున్న పేరును ఆ ఖాళీలో నింపుకున్నది మీరే. మెడలో కార్డు తిరగబడి వెనకవైపు కనబడుతోంది. తిప్పి చూపించమనడానికి మీకు మొహమాటం. రెండొందల ఒకటి వాళ్లను అడిగి వద్దామంటే పొయ్యి మీద పప్పుంది. పదకొండింటికే రావడంలో అతని అనుభవమంతా ఉంది. ఆ వేళకి ఇంట్లో ఒక్కరే ఉంటారు, చేతిలో పనుంటుంది, పొయ్యి వెలుగుతూ ఉంటుంది.

"లాస్ట్ చెకింగ్ ఎప్పుడయిందమ్మా?"

మీకు గుర్తు లేదు. ఈ ప్రశ్నకు ఠక్కున తేదీ చెప్పగలిగే ఇల్లు ఈ ఊళ్లో ఉంటే నేను చూడలేదు. అడిగేదే అందుకు. "ఎట్లమ్మా గట్ల? రూల్ ప్రకారం తప్పనిసరి గదా" అంటూనే చెప్పులు విడిచాడు. చెప్పులు విడిచిన మనిషిని గుమ్మంలో నిలబెట్టడం మనవల్ల కాదు. లోపలికి వచ్చేశాడు.

వంటింట్లో అతని నడక చూడండి. ఎక్కడేముందో అడగలేదు. గట్టు కింద తలుపు తీసి, ఉల్లిపాయల బుట్ట పక్కకు జరిపి, సిలిండర్ ముందు గొంతుక్కూర్చున్నాడు. "స్టవ్ బందు పెట్టండమ్మా." పెట్టారు. కూర సగంలో ఆగిపోయింది. ఇప్పుడు మీకు తొందర ఉంది, అతనికి లేదు.

రెగ్యులేటర్ ఆన్‌లోనే ఉంచి, స్టవ్ కింది నుంచి పైపును గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. చాలా శ్రద్ధగా తుడుస్తున్నాడు. నాజిల్ దగ్గరికి వచ్చాక గుడ్డ కింద వేళ్లు క్షణం ఆగాయి. పైపు చివర రవ్వంత వెనక్కి జరిగింది. మీరు నిలబడ్డ చోటునుంచి గుడ్డ మాత్రమే కనబడుతుంది. కుర్రాడు స్ప్రే బాటిల్ అందించాడు. సబ్బునీళ్లు. రెండుసార్లు చిమ్మాడు. నాజిల్ మొదట్లో తెల్లటి నురగ, నురగలోంచి ఒక బుడగ. అది ఉబ్బింది, పగిలింది. ఇంకొకటి లేచింది.

"చూసిన్రా అమ్మా?"

అంతకు మించి ఏమీ అనలేదు. పేలుతుందని అనలేదు, పిల్లలున్న ఇల్లని అనలేదు. "పేపర్ల చూస్తనే ఉన్నరు గదా" అని ఊరుకున్నాడు. మిగతాది మీ గుండె చెబుతుంది. వంటగ్యాస్‌కు స్వతహాగా వాసన ఉండదు, లీకైతే తెలియడానికి మెర్కాప్టన్ అనే ఘాటు రసాయనం కలుపుతారు. ఆ వాసన ఇప్పుడు నిజంగానే మీ ముక్కుకు తగులుతోంది. నమ్మకపోవడానికి ఇంకేం మిగిలింది?

ఇక పైపు వంతు. పాత పైపును పీకి మీ కళ్లముందు వంచాడు. "బీటలు చూడండి." బీటలైతే కనబడలేదు, జిడ్డు కనబడింది. పైపు మీద అచ్చువేసిన అక్షరాలుంటాయి, అతని బొటనవేలు కింద ఉన్నవి అవే. ఐఎస్ 9573 అనే ప్రమాణం సంఖ్య, తయారైన నెల, సంవత్సరం అక్కడే ఉంటాయి. లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్న సురక్షా పైపు ఆయుష్షు ఐదేళ్లు. అది దాటితే మార్చాల్సిందే, ఇందులో అబద్ధం లేదు. ఈ వ్యాపారం నడిచేదే ఆ నిజం మీద. మీ పైపుకు ఐదేళ్లు నిండాయా లేదా అన్నది ఆ వేలు తీస్తే తెలుస్తుంది. అతను తీయడు, మీరు తీయమనరు.

"పైపు నాలుగొందల యాభై. సర్వీస్ మూడొందల యాభై. గవర్నమెంట్ రేటే అమ్మా."

పెట్రోలియం మంత్రి 2024లో స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం మీటరున్నర సురక్షా పైపు ధర 190 రూపాయలు, చమురు కంపెనీలు దాన్ని తగ్గించి 150కి ఇస్తున్నాయి. ఐదేళ్లకోసారి జరగాల్సిన తప్పనిసరి తనిఖీ కూడా ఉన్నమాటే. దానికి ఏజెన్సీ మెకానిక్ వస్తాడు, జీఎస్టీతో కలిపి 236 రూపాయలు తీసుకుని, ఏజెన్సీ పేరుతోనే రసీదు ఇస్తాడు. అదిగాక సిలిండర్ తెచ్చే మనిషే పైపు, రెగ్యులేటరు చూసి వెళ్లే ఉచిత తనిఖీని కూడా కంపెనీలు మొదలుపెట్టాయి. ఇవేవీ మీ వంటింటి గోడ మీద రాసి లేవు. అతని నోట వచ్చిందే రేటు.

అసలు సరుకు ఇంకా బయటికి రాలేదు. కుర్రాడు బ్యాగు అడుగునుంచి ఒక పెట్టె తీశాడు. ఇత్తడి రంగులో మెరిసే బిళ్ల, దానికి గడియారం లాంటి ముఖం, లోపల ముల్లు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలు. "సేఫ్టీ డివైస్ అమ్మా. గ్యాస్ ఎంత ఉందో చూపిస్తది, లీక్ అయితే దానంతటదే బందయితది." సిలిండర్‌కీ రెగ్యులేటర్‌కీ మధ్య బిగించి చూపించాడు. ముల్లు ఒక్క ఊపున ఆకుపచ్చలోకి వెళ్లి నిలబడింది. పైపు లాగి చూపించాడు, గ్యాస్ టక్కున ఆగింది. గారడీ బాగుంది.

ముల్లు సంగతి కాస్త చెప్పుకోవాలి. సిలిండర్‌లో గ్యాస్ ద్రవరూపంలో ఉంటుంది, పైన ఆవిరి. ద్రవం చుక్క మిగిలి ఉన్నంతవరకు ఆవిరి ఒత్తిడి తగ్గదు. అందుకని సిలిండర్ నిండుగా ఉన్నా, పావువంతుకి వచ్చినా ముల్లు దాదాపు ఒక్కచోటే నిలబడుతుంది. ఎండాకాలం కాస్త పైకి, చలికాలం కాస్త కిందికి జరుగుతుంది, అంతే. గ్యాస్ అయిపోయాక అది ఎర్రగీతలో పడుతుంది. అప్పటికి పొయ్యి ఆరిపోయి మీకు సంగతి ముందే తెలిసిపోయి ఉంటుంది. సిలిండర్‌లో ఎంత ఉందో తూకం చెబుతుంది, ముల్లు చెప్పదు. పైగా సిలిండర్‌కి, రెగ్యులేటర్‌కి మధ్య ఇలాంటి బయటి సామాను ఏదీ పెట్టవద్దని చమురు కంపెనీలే చెబుతున్నాయి. వాళ్లిచ్చిన రెగ్యులేటరే నేరుగా కూర్చోవాలి.

"పద్దెనిమిది వందలు. ఇది లేకుంటే రేపు ఏమన్న అయితే ఇన్సూరెన్స్ రాదమ్మా."

ఈ ఒక్క మాటకు చాలా ఇళ్లలో బీరువా తలుపు తెరుచుకుంటుంది. నిజానికి చమురు కంపెనీలు తమ ఖాతాదారులందరి కోసం బీమా తీసి ఉంచుతాయి. మీరు విడిగా ప్రీమియం కట్టేది లేదు. గ్యాస్ ప్రమాదంలో మరణం సంభవిస్తే మనిషికి 6 లక్షలు, వైద్యానికి ఒక ప్రమాదం మొత్తానికి 30 లక్షలు, అందులో మనిషికి గరిష్ఠంగా 2 లక్షలు, ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు వస్తాయి. ఇత్తడి బిళ్లకూ ఆ బీమాకూ ఏ సంబంధమూ లేదు.

మొత్తం 2,600. రసీదు పుస్తకం తీశాడు. తలకట్టు మీద దేశం పేరుంది, గ్యాస్ అనే మాట ఉంది, భద్రత అనే మాట ఉంది. మీ చమురు కంపెనీ పేరు లేదు, మీ ఏజెన్సీ పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. మీ గ్యాస్ పుస్తకం అడిగి, చూసి, కన్జ్యూమర్ నంబర్ రాసుకున్నాడు. అది రాసుకునేసరికి ఏదో ప్రభుత్వ వ్యవహారం పూర్తయినట్టు మీకు ధీమా వచ్చింది. కింద సంతకం చోట, పైపు మీది అచ్చుకన్నా చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. పై వస్తువులను నా ఇష్టపూర్వకంగా కొన్నాను అని దానర్థం. రేపు మీరు పోలీస్ స్టేషన్‌కి వెళ్లినా, వినియోగదారుల కమిషన్‌కి వెళ్లినా అతన్ని కాపాడే వాక్యం అదే. సంతకం పెట్టారు. చెప్పులు తొడుక్కుని ఎదురింటి బెల్ నొక్కాడు. "నమస్తే అమ్మా. ఇప్పుడే మూడొందల రెండు వాళ్లది అయిపోయింది."

మూడొందల రెండు మీరే.

కూర దించి, అన్నం వార్చి, అప్పుడు అనుమానం వచ్చింది. ఏజెన్సీకి ఫోన్ చేశారు. చాలాసేపు మోగాక ఒక అమ్మాయి ఎత్తింది. "మేమెవర్నీ పంపలేదండీ. అలాంటివాళ్లను లోపలికి రానివ్వకండి" అని మందలించింది. ఆ తర్వాత అదే గొంతుతో, "మీ ఈకేవైసీ పెండింగ్‌లో ఉంది. ఒకసారి ఆఫీసుకు రండి. వచ్చేటప్పుడు పైపు డబ్బులు కూడా తెచ్చుకోండి, పైపు తీసుకుంటేనే ఈకేవైసీ అవుతుంది" అంది.

సాయంత్రం నాలుగింటికి ఏజెన్సీలో నిలబడి ఉన్నారు. షట్టరు సగం ఎత్తి ఉంది, లోపల రెండు ట్యూబులైట్లు, ఒకటి మిణుకుమంటోంది. కౌంటర్ పక్కన నారింజ రంగు పైపులు కట్టలు కట్టి పడేశారు. వెనక గోడకు ధరల పట్టిక ఉంది, దాని ముందు స్టవ్ పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. పట్టికలో సగం ఆ పెట్టెల వెనక్కి పోయింది.

2023 డిసెంబర్ గుర్తుందా? తెలంగాణలో ప్రభుత్వం మారింది, ఐదొందలకే సిలిండర్ వస్తుందన్నారు, ఈకేవైసీ లేకపోతే రాదని ఎవరో పుట్టించారు. తెల్లారకముందే ఏజెన్సీల ముందు చెప్పులు వరుసలో పెట్టి జనం కూర్చున్నారు. ఈకేవైసీకి రూపాయి కట్టాల్సిన పని లేదు, గడువూ లేదు, ఇంట్లోనే ఫోన్‌లో చేసుకోవచ్చు అని తర్వాత కేంద్రం వివరణ ఇచ్చింది. ఆలోగా ఎన్ని చోట్ల వేలిముద్రకు పైపు తోడై అమ్ముడుపోయిందో వరుసలో నిలబడ్డవాళ్లకు తెలుసు.

మీ ముందు కొత్తగా పెళ్లయిన జంట, వాళ్లతో అమ్మాయి వాళ్ల నాన్న. కొత్త కనెక్షన్ కావాలి.

"డిపాజిట్, రెగ్యులేటర్, పైపు, స్టవ్, అన్నీ కలిపి ఎనిమిది వేలండీ."

"స్టవ్ వద్దమ్మా. పెళ్లికి మేమే పెట్టాం, ఐఎస్ఐ మార్కుదే" అన్నాడు పెద్దాయన.

"స్టవ్ లేకపోతే సిస్టమ్ తీసుకోదండీ."

సిస్టమ్ తీసుకోదు. ఈ మాటకు ఎదురు లేదు. కంప్యూటర్ ముఖం అటు తిరిగి ఉంటుంది, దాన్ని అడగలేం. 14.2 కిలోల సిలిండర్‌కి డిపాజిట్ 2,200, రెగ్యులేటర్‌కి 250. ఈ రెండూ 2022 జూన్ నుంచి ఉన్న రేట్లు, కనెక్షన్ వదులుకుంటే తిరిగి వచ్చే డబ్బులు. స్టవ్ డబ్బు అలా కాదు, పోయింది పోయినట్టే. ఏజెన్సీ స్టవ్ కొనాలన్న నిబంధన లేనే లేదు. ఐఎస్ఐ మార్కు స్టవ్ ఎక్కడ కొన్నా కనెక్షన్ ఇవ్వాలి, అనుమానముంటే మనిషిని పంపి చూసుకోవాలి. ఒక వస్తువు కావాలంటే ఇంకొకటి కొని తీరాలనడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వాణిజ్య పద్ధతి అంటుంది. పెద్దాయన కాసేపు కౌంటర్‌నీ, కాసేపు కూతురినీ చూసి జేబులోంచి నోట్లు తీశాడు. కొత్త కాపురం, ఇవాళే పొయ్యి వెలగాలి. ఆ స్టవ్ పెట్టె ఏ అటక మీదికి వెళుతుందో మనందరికీ తెలుసు. మన ఇళ్లలోనూ ఒకటి ఉంది.

పొద్దున వచ్చినవాడు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. తప్పనిసరి, రూల్, గవర్నమెంట్ రేటు, సిస్టమ్ అనే మాటలు వినగానే ఎదురు అడగకుండా డబ్బు తీసే అలవాటు మనకు ఈ కౌంటర్ దగ్గరే అయింది. అతను ఆ అలవాటును వాడుకున్నాడు. నకిలీ మనిషిని గుర్తుపట్టండి అని కంపెనీలు ప్రకటనలిస్తాయి, మంచిదే. అసలు మనిషి పద్ధతిగా ఉంటే కదా నకిలీ వేరుగా కనబడేది!

బ్రిటన్‌లో ఇళ్లకు కరెంటు, గ్యాస్ అమ్మే కంపెనీలు చాలా ఉన్నాయి, ఎవరికి నచ్చిన కంపెనీకి వాళ్లు మారవచ్చు. అక్కడ తలుపు తట్టేవాళ్ల మెడలో కార్డు నకిలీ కాదు, కంపెనీ ఇచ్చిందే. మాకు మారితే బిల్లు తగ్గుతుందని చెప్పి మార్పించారు, చాలామందికి తగ్గలేదు. 2013లో అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ అందుకు ఎస్ఎస్ఈ అనే కంపెనీకి కోటీ ఐదు లక్షల పౌండ్ల జరిమానా వేసింది. తప్పు మా కింది మనిషిది అంటే ఊరుకోలేదు. మన దగ్గర తప్పు ఎప్పుడూ కింది మనిషిదే.

కింది మనిషి అంటే గుర్తొచ్చింది, మర్నాడు మీ ఇంటికి సిలిండర్ వచ్చింది. లిఫ్ట్‌లో ఎక్కించవద్దని అసోసియేషన్ రూలు. తెచ్చినతను మూడంతస్తులు భుజాన మోశాడు. లోపల గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ ఇనుము ఇంకో పదిహేను, పదహారు. గుమ్మంలో దించి చెమట తుడుచుకుని, బిల్లు మీద ఉన్నదానికి నలభై కలిపి చెప్పాడు.

"నలభై ఎందుకు బాబూ?"

"అందరూ ఇస్తరమ్మా."

ఇంటికి తెచ్చివ్వడం ఆ బిల్లులోనే కలిసి ఉంది. ఏజెన్సీకి వెళ్లి మనమే తెచ్చుకుంటే కొంత తగ్గించి ఇవ్వాలి కూడా. అతనికి నలభై ఇవ్వవద్దని నేననను, ఆ మెట్లు మీరెక్కి చూడండి. కాకపోతే అది మీరు ఇష్టపడి ఇచ్చేది, అతను బిల్లులో కలిపి అడిగేది కాదు. అతని జీతం సంగతి చూడాల్సిన ఏజెన్సీ ఆ భారం మీ గుమ్మం ముందు దించి వెళ్లింది.

"తూకం వేసి చూపించు" అన్నారు మీరు. నిన్నటి 2,600 ఇంకా మండుతున్నట్టుంది. అతను మొదట నవ్వాడు, తర్వాత కిందికి వెళ్లి ఆటోలోంచి స్ప్రింగ్ తూకం తెచ్చాడు. దాన్ని దగ్గర ఉంచుకోవాలన్నది నియమం, అడిగితేనే బయటికి వస్తుంది. సిలిండర్ పైన చేయి పట్టే చోట ఇనుప పట్టీల లోపలివైపు ఖాళీ బరువు అచ్చువేసి ఉంటుంది. దానికి 14.2 కలిపితే ముల్లు అక్కడ నిలబడాలి. పక్కనే ఇంగ్లీషు అక్షరం, రెండంకెలు కనబడతాయి. ఏ అంటే మార్చి, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబర్, డి అంటే డిసెంబర్. ఆ నెలలోగా ఆ సిలిండర్‌కి మళ్లీ పరీక్ష జరగాలి, అంకెలు సంవత్సరం. గడువు దాటినది తెస్తే తీసుకోకుండా వెనక్కి పంపే హక్కు మీకుంది. తూకం సరిపోయింది. అతను కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు, తనకు గోడౌన్‌లో ఎత్తిచ్చినదే తెచ్చాడు మరి.

ఈసారి బెల్ మోగి "గ్యాస్ కంపెనీ నుంచి" అన్నారంటే చెప్పులు విడవకముందే మూడు మాటలు అడగండి. ఏ ఏజెన్సీ? నా కన్జ్యూమర్ నంబర్ ఎంత? రసీదు ఎవరి పేరున ఇస్తావు? ఏజెన్సీ పంపిన మెకానిక్ దగ్గర మీ నంబర్ ముందే ఉంటుంది, మీ పుస్తకం చూసి రాసుకోడు. ఎంత భయపెట్టినా ఆ రోజే డబ్బివ్వకండి. లీక్ నిజమేనని మీకే అనిపిస్తే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి. అది రాత్రీ పగలూ పనిచేస్తుంది. స్టవ్ కొంటేనే, పైపు కొంటేనే అన్న కౌంటర్ మాట మీద 1800-233-3555కు గానీ, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ ఫిర్యాదు చేయవచ్చు. "స్టవ్ తప్పనిసరి అని కాగితం మీద రాసివ్వండి" అని అడిగితే చాలాచోట్ల సిస్టమ్ అప్పటికప్పుడే బాగుపడుతుంది. అప్పటికీ తెమలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే అక్కడ ఫిర్యాదుకు ఫీజు లేదు.